నిప్పు, పొగ, పచ్చికట్టె

నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత తెలుగువారి నోట తరచు వినిపిస్తుంది; దాన్ని తిరగేసి పొగ లేనిదే నిప్పు ఉండదని మాత్రం ఎవరూ అనరు. మొదటి మాట నిజమై రెండో మాట ఎందుకు నిజం కాకుండా పోయిందన్న ప్రశ్న భారతీయ తర్కశాస్త్రంలో చిన్నది కాదు. తార్కికులు వెతికి పట్టుకున్న సమాధానం, వానకాలంలో కట్టెలపొయ్యి ముందు కూర్చున్న ఏ ఇల్లాలికైనా ముందే తెలిసినది: పొగ నిప్పు గుణం కాదు, కట్టెలో మిగిలిన పచ్చి వల్ల వచ్చినది. ఆ పచ్చినీ, అది ఆరడాన్నీ, ఆరిన కట్టె తిరిగి చెమ్మగిల్లకుండా కాపాడుకోవడాన్నీ ఉపనిషత్తులు ఒక తీరుగా, బౌద్ధ సూత్రాలు మరొక తీరుగా, వేదాంత గ్రంథాలు ఇంకొక తీరుగా స్ఫురింపజేస్తాయి. జ్ఞానాన్ని నిప్పుతో పోల్చడం అందరికీ అలవాటైనదే గనుక చర్చ కూడా ఎక్కువగా నిప్పు చుట్టూనే తిరిగింది. కట్టె సంగతి అంతగా పట్టించుకున్నవారు తక్కువ. నిప్పు అంటుకోవడానికి ముందు కట్టెలో జరగవలసిన మార్పు ఏమిటి, ఆ మార్పు నిప్పును పుట్టిస్తుందా లేక నిప్పుకు ఉన్న అడ్డును మాత్రమే తొలగిస్తుందా అన్నది, సాధనకూ జ్ఞానానికీ ఉన్న సంబంధం గురించి వేదాంతంలో సాగిన పెద్ద వివాదానికి మరో రూపం. కట్టె ఆరే తీరును దగ్గరనుంచి చూస్తే ఆ వివాదంలో ఏ పక్షం బలమైనదో తేటపడుతుంది.

అనుమానం అంటే, తర్కశాస్త్రంలో, కనిపించినదాని ఆధారంగా కనిపించనిదాన్ని తెలుసుకోవడం. కొండ మీద పొగను చూసి అక్కడ నిప్పు ఉందని గ్రహించడం దీనికి న్యాయశాస్త్రం ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ. ఇందులో కొండ పక్షం, అంటే దేని గురించి నిర్ణయించాలో అది; నిప్పు సాధ్యం, అంటే నిరూపించవలసినది; పొగ హేతువు, అంటే నిరూపణకు ఆధారం. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటుందన్న నియమానికి వ్యాప్తి అని పేరు. వంటిల్లు ఆ నియమానికి అనుకూలమైన ఉదాహరణ కాగా, నీళ్లు నిండిన మడుగు వ్యతిరేక ఉదాహరణ. 17వ శతాబ్దపు ఆంధ్రుడైన అన్నంభట్టు, తర్కంలో కొత్తగా అడుగుపెట్టే విద్యార్థుల కోసం రాసిన తర్కసంగ్రహంలోనూ, దానికి తానే రాసుకున్న దీపిక అనే వ్యాఖ్యలోనూ ఈ ఉదాహరణను విప్పి చెప్పి, తరువాత దాన్నే తలకిందులు చేసి చూపిస్తాడు. కొండ మీద నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండి తీరాలని ఎవరైనా వాదిస్తే ఆ వాదం ఎక్కడ చెడింది? నిప్పుకూ పొగకూ ఉన్నట్టు కనిపించే విడదీయరాని సంబంధం, నిజానికి నిప్పు పచ్చికట్టెతో కలవడం వల్ల ఏర్పడినది. పొగ ఉన్న ప్రతిచోటా పచ్చికట్టెతో ఆ కలయిక ఉంటుంది; నిప్పు ఉన్న ప్రతిచోటా అది ఉండదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్దలో నిప్పు ఉంది గాని పచ్చికట్టె లేదు, అందువల్ల పొగా లేదు. ఇలా సాధ్యాన్ని (ఈ తలకిందుల వాదంలో అది పొగ) ఎక్కడా వదలకుండా వెంటనంటి ఉంటూ, హేతువును (ఇక్కడ నిప్పును) మాత్రం కొన్నిచోట్ల వదిలిపెట్టే మూడో అంశానికి ఉపాధి అని పేరు. ఉపాధి తోడైన హేతువును వ్యాప్యత్వాసిద్ధం అంటారు; అంటే ఏ నియమం మీద అనుమానం నిలబడాలో ఆ నియమమే సిద్ధించలేదని అర్థం.

పైకి ఇది బాలబోధగా కనిపించినా, దీని కింద తత్త్వశాస్త్రాన్ని చాలాకాలం కుదిపిన సందేహం ఒకటి ఉంది. పచ్చికట్టె కంటికి కనిపించే ఉపాధి. కంటికి కనిపించని ఉపాధులు ఉండవని ఎవరు చెప్పగలరు? 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహంలో మాధవుడు, అనుమానాన్ని ప్రమాణంగా ఒప్పుకోని చార్వాకుల పక్షాన ఈ ప్రశ్ననే నిలబెట్టాడు: ఏ రెండింటి సంబంధమైనా సహజమో, చాటున దాగిన మరో కారణం వల్ల వచ్చిందో తేల్చలేనప్పుడు అనుమానం మొత్తం కూలిపోతుంది. ఉదయనుడు అంతకుముందే న్యాయకుసుమాంజలిలో దీనికి జవాబిస్తూ, సందేహానికి ఒక హద్దు ఉందనీ, సందేహించేవాడి నడవడికే అతని సందేహాన్ని కాదన్నచోట అది ఆగిపోతుందనీ అన్నాడు. శ్రీహర్షుడు ఖండనఖండఖాద్యంలో ఆ జవాబును తిప్పికొట్టగా, గంగేశుడు తత్త్వచింతామణిలో మళ్లీ దాన్ని నిలబెట్టాడు: పొగకు నిప్పు కారణమా కాదా అని వాదించే మనిషి, తనకు పొగ కావలసి వచ్చినప్పుడు ఏ తటపటాయింపూ లేకుండా నిప్పు కోసమే వెళతాడు. ఈ వాదప్రతివాదాల్లో గెలుపోటముల కన్నా ముఖ్యమైన విషయం ఒకటుంది. రెండు వస్తువులు ఎప్పుడూ కలిసి కనిపించినంత మాత్రాన ఒకదాని స్వభావంలో రెండోది ఉన్నట్టు కాదనీ, కలిపి ఉంచిన మూడోదాన్ని వెతకాలనీ భారతీయ తర్కం ఒక పచ్చికట్టెను చూసి నేర్చుకుంది.

ఆ పచ్చికట్టెలో నిజంగా జరిగేది ఏమిటో ఇక్కడ కొంత వివరంగా చూడడం అవసరం, ఎందుకంటే ముందు రాబోయే పోలికల బలం అంతా దాని మీదే ఆధారపడి ఉంది. అప్పుడే నరికిన కట్టెలో ఉండే నీటి బరువు, అది పూర్తిగా ఆరాక మిగిలే బరువులో సాధారణంగా సగానికి పైనే ఉంటుంది. కొన్ని జాతుల్లో ఆ బరువుకు సమానంగా, అంతకు మించి కూడా ఉంటుంది. ఆ నీరు రెండు తావుల్లో ఉంటుంది. కణాల బోలులో నిలిచిన నీరు తేలికగా బయటికి పోతుంది; కణాల గోడల్లోకి ఇంకిన నీరు గోడను పట్టుకుని ఉంటుంది గనుక నెమ్మదిగా, కష్టం మీద వదులుతుంది. మొదటి రకం పూర్తిగా పోయి రెండో రకం మాత్రమే మిగిలే హద్దు సుమారు 30 శాతం దగ్గర వస్తుంది. కట్టె కుంచించుకుపోవడం, కోసిన కొసల్లో నెర్రెలు విచ్చుకోవడం అక్కడి నుంచే మొదలవుతాయి. గాలికి బాగా ఆరిన కట్టెలో 15 నుంచి 20 శాతం నీరు మిగులుతుంది. పచ్చి తుమ్మకట్టెను పొయ్యిలో పెట్టినప్పుడు దాని వెనక కొస నుంచి నురగ చిమ్ముతూ, సన్నని చప్పుడుతో నీరు ఉడికి బయటికి రావడం చూసినవారికి ఈ లెక్కలు కొత్తవి కావు.

ఆ నీటిని ఆవిరి చేయడానికే వేడి అంతా ఖర్చవుతుందని సాధారణంగా అనుకుంటారు గాని అది సగం నిజమే. కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.5 మెగాజౌళ్ల వేడి కావాలి. పూర్తిగా ఆరిన కిలో కట్టె ఇచ్చే వేడి సుమారు 18 మెగాజౌళ్లు. బరువులో మూడో వంతు నీరున్న కిలో కట్టెను తీసుకుంటే, నీటికి పోయే భాగం ఆ కట్టె ఇచ్చే వేడిలో 7 శాతం దరిదాపుల్లోనే ఉంటుంది. అసలు నష్టం వేరేచోట జరుగుతుంది. కట్టె నేరుగా మండదు. వేడికి అది ముందు వాయువులుగా, తారు ఆవిర్లుగా విడిపోతుంది, మంట అయ్యేది ఆ వాయువులే. నీరు ఆవిరవుతున్నంతసేపూ పొయ్యిలో వేడి పెరగదు గనుక ఆ వాయువులు అంటుకోకుండానే చల్లబడి, నీటి ఆవిరితో కలిసి సన్నని తుంపరలుగా పైకి లేస్తాయి. పొగ అంటే అదే: మండవలసి ఉండీ మండకుండా వెళ్లిపోయిన కట్టె.

తార్కికుల వంటిల్లు ఉదాహరణలో ఈ పొగ ఒక ఆనవాలు మాత్రమే. దాన్ని పీల్చిన మనిషి ఊసు ఆ గ్రంథాల్లో లేదు. ఊదుగొట్టంతో పొయ్యి ఊది ఊది కళ్లు ఎర్రబారిన స్త్రీలు తరతరాలుగా ఆ వ్యాప్తిని తమ ఊపిరితిత్తులతో నిరూపించారు. ఇళ్లలో కట్టెలు, బొగ్గు, కిరోసిన్ వంటివి మండించడం వల్ల కలిగే కాలుష్యం 2020లో సుమారు 32 లక్షల మరణాలకు కారణమైందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పొగను గురించి తత్త్వం మాట్లాడేటప్పుడు ఈ సంగతిని పక్కన పెట్టి మాట్లాడడం న్యాయం కాదు.

పొగను నిప్పుకు ఆవరణగా చెప్పిన గ్రంథాల్లో భగవద్గీత ప్రసిద్ధమైనది. మూడో అధ్యాయంలో కామం జ్ఞానాన్ని ఎలా కప్పుతుందో చెప్పడానికి మూడు పోలికలు వస్తాయి: నిప్పును కప్పే పొగ, అద్దాన్ని కప్పే దుమ్ము, గర్భాన్ని కప్పే మావి. పద్దెనిమిదో అధ్యాయంలో మళ్లీ, మనిషి తలపెట్టే ప్రతి పనినీ ఏదో ఒక దోషం అంటిపెట్టుకుని ఉంటుందని చెప్పేటప్పుడు అదే పొగ వస్తుంది. మూడో అధ్యాయపు పోలికను వివరిస్తూ శంకరులు పొగను నిప్పుతో పాటే పుట్టినదిగా చెప్పారు. అది నిప్పుతో పాటే పుట్టినదైతే నైయాయికుల, అంటే న్యాయశాస్త్రం చదివిన తార్కికుల, మాట ఏమవుతుంది? పొగ నిప్పుకు సహజమే అయితే పచ్చికట్టె ఉపాధి కాదు. ఉపాధి అయితే పొగ సహజం కాదు. ఈ వైరుధ్యాన్ని ఇనుపముద్ద తీర్చలేదు, ఎందుకంటే ఎర్రగా కాలిన ఇనుములో వేడి ఉందిగాని అక్కడ మండుతున్నది ఏమీ లేదు. అది మరోచోట మండిన నిప్పు వేడిని మోస్తోంది. దానితో చలి కాచుకోవచ్చు, దాని మీద కుటుంబానికి వంట జరగదు. కట్టెతో బతికే నిప్పును తీసుకుంటే, ఎంత ఆరిన కట్టెలోనూ కొంత చెమ్మ మిగులుతుంది, ఎంత మంచి పొయ్యిలోనూ కొంత పొగ వస్తుంది. కాబట్టి రెండు మాటలూ తమ తమ తావుల్లో నిలుస్తాయి: నిప్పు స్వభావాన్ని విచారించేవాడికి పొగ ఆగంతుకం, అంటే బయటినుంచి వచ్చి చేరినది, నిప్పుతో జీవించేవాడికి అది పూర్తిగా తప్పించుకోలేనిది, తగ్గించుకోదగినది. గీత పనిని మానమని చెప్పకపోవడానికి కారణం ఈ రెండో తావులో నిలబడి మాట్లాడడమే. ఆ మూడో అధ్యాయపు పోలికలో వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకోని మరో అందం ఉంది. అద్దం మీది దుమ్మును తుడిచి పారేయాలి. మావి గర్భం నుంచి విడిపోవాలి. పొగ మాత్రం తగినంత వేడి, గాలి తగిలితే తానే మంట అవుతుంది. కప్పినదే వెలుగుగా మారే అవకాశం ఆ మూడింటిలో పొగకు ఒక్కదానికే ఉంది. కామాన్ని మండకుండా మిగిలిపోయిన శక్తిగా చూడడానికి ఈ పోలిక దారి ఇస్తుంది.

బృహదారణ్యకోపనిషత్తులో పచ్చికట్టె మరింత విచిత్రమైన పనికి వచ్చింది. ఇల్లు విడిచి వెళ్లబోతూ యాజ్ఞవల్క్యుడు మైత్రేయికి చేసిన బోధలో, పచ్చికట్టెలు వేసిన నిప్పు నుంచి పొగలు విడివిడిగా లేచినట్టు, ఆ మహాభూతం నుంచి వేదాలూ విద్యలూ తక్కినవన్నీ ఊపిరి వదిలినంత తేలికగా వెలువడ్డాయని అంటాడు. అక్కడ చెప్పదలచుకున్నది ప్రధానంగా అప్రయత్నత, అంటే సృష్టికి పూనిక అక్కరలేకపోవడం. ఊపిరి పోలిక అందుకే వచ్చింది. అయినా నిప్పు అని ఊరుకోకుండా పచ్చికట్టెలు వేసిన నిప్పు అని ప్రత్యేకంగా చెప్పడం గమనించదగినది. ఎండుకట్టె మంటకు ఒకే రూపం. పచ్చికట్టె వేసినప్పుడే ఆ ఒక్క నిప్పు నుంచి నానా ఆకారాల పొగలు లేస్తాయి. నైయాయికుల విశ్లేషణను దీని పక్కన పెట్టి చూస్తే, ఆ నానాత్వం నిప్పుది కాదు, కట్టె చెమ్మది అని తేలుతుంది. ఉపనిషత్తు ఆ మాట అనలేదు, దానికి ఆపాదించడమూ సరికాదు. కాని ఒకే బ్రహ్మం అనేకంగా కనిపించడం దాని స్వభావం వల్ల కాదనీ, దగ్గర చేరిన ఉపాధి గుణం దాని మీద భాసించడం వల్లనేననీ అద్వైతులు తరువాత చెప్పిన సిద్ధాంతానికి ఈ పచ్చికట్టె, మందారం పక్కన ఎర్రగా కనిపించే స్ఫటికం కన్నా తక్కువ అనువైన ఉదాహరణ కాదు.

కట్టె ఆరడాన్నే నేరుగా విషయంగా తీసుకున్నది బౌద్ధం. మజ్ఝిమనికాయంలోని మహాసచ్చక సుత్తంలో, నిగంఠుల, అంటే జైనుల, కుటుంబానికి చెందిన సచ్చకుడితో వైశాలిలో మాట్లాడుతూ, జ్ఞానోదయానికి ముందు తనకు తోచిన మూడు పోలికలను బుద్ధుడు చెబుతాడు. నీళ్లలో పడి ఉన్న పచ్చికట్టెను అరణితో, అంటే రాపిడి చేసి నిప్పు పుట్టించే కొయ్యతో, ఎంత మథించినా నిప్పు రాదు. నీళ్లకు దూరంగా మెట్టన ఉన్నా పచ్చి ఆరని కట్టెలోనూ రాదు. నీళ్లకు దూరంగా ఉండి, లోపలి రసం కూడా ఇంకిపోయిన కట్టెలోనే వస్తుంది. మొదటిది భోగాల మధ్యనే ఉంటూ మనసు కూడా వాటిలోనే ఉన్నవారి స్థితి. రెండోది ఒంటిని భోగాల నుంచి తప్పించుకున్నా లోపలి కోరిక చల్లారనివారి స్థితి. మూడోది రెండూ సమకూడినవారిది. మూడో రకం వారు దేహాన్ని బాధించే కఠోర తపస్సు చేసినా చేయకపోయినా జ్ఞానానికి అర్హులేనని, మొదటి రెండు రకాల వారు చేసినా చేయకపోయినా అనర్హులేనని సుత్తం విడమరచి చెబుతుంది. రాపిడి ఎంత తీవ్రమైనదన్నది ప్రశ్న కాదు, కట్టె ఆరిందా లేదా అన్నదే ప్రశ్న. ఆ తరువాత బుద్ధుడు తాను చేసిన ఘోర తపస్సునూ, దాన్ని విడిచిపెట్టడాన్నీ అదే సుత్తంలో వివరిస్తాడు గనుక ఈ తేడా ఆయనకు ఎంత ముఖ్యమైనదో తెలుస్తుంది.

ఈ మూడింటిలో మధ్యది లోతైనది. కట్టెను నీళ్లలోంచి తీసి గట్టున వేయడానికి నిమిషం పట్టదు. అది చూసేవారికి కనిపించే పని కూడా. లోపలి చెమ్మ బయటికి రావడం అలా కాదు. కట్టెలో నీరు పోగు నిడివి వెంట తేలికగా కదులుతుంది, అడ్డంగా చాలా నెమ్మదిగా కదులుతుంది, బెరడును దాటి దాదాపు రాదు. అందువల్లనే మొద్దును పొట్టిగా కోసి, నిలువునా పేళ్లుగా చీల్చి, నేలకు తగలకుండా దిమ్మెల మీద, గాలి ఆడే సందులతో పేర్చి, పైన మాత్రమే కప్పు వేస్తారు. చలికాలమంతా కట్టెలతో ఇల్లు వెచ్చబెట్టుకునే హిమాలయ ప్రాంతాల్లోనూ ఉత్తర యూరప్ దేశాల్లోనూ గట్టికట్టెకు ఏడాది నుంచి రెండేళ్లు ఇలా గడువు ఇస్తారు. తొందరపడి ఒక్కసారిగా వేడి తగిలిస్తే పైపొర ముందే ఆరి గట్టిపడి, లోపలి నీటికి దారి మూసుకుపోతుంది. పైన చేత్తో తడిమితే ఎండుకట్టెలా ఉంటుంది, పొయ్యిలో పెడితే పచ్చికట్టెలా పొగ కక్కుతుంది. అత్యుత్సాహంతో చేపట్టిన వైరాగ్యం ఇంత కచ్చితంగా మరెక్కడా చిత్రితమై ఉండదు.

ఛాందోగ్యోపనిషత్తులోని ఇంద్ర విరోచనుల కథను ఈ వెలుగులో చదవాలి. గురువు దగ్గరికి వెళ్లే శిష్యుడు సమిధలు, అంటే హోమానికి పనికివచ్చే చిన్న కట్టెపుల్లలు, చేతపట్టుకుని వెళ్లాలన్నది ఉపనిషత్తుల కాలపు ఆచారం. దేవతల రాజు, అసురుల రాజు ఇద్దరూ సమిధలు పట్టుకునే ప్రజాపతి దగ్గరికి వచ్చారు, ఇద్దరూ 32 ఏళ్లు బ్రహ్మచర్యంతో ఉన్నారు, ఇద్దరూ ఒకే బోధ విన్నారు. విరోచనుడు దేహమే ఆత్మ అనుకుని తృప్తిగా వెళ్లిపోయాడు. ఇంద్రుడు దారిలోనే ఆ అర్థంలో లోపం కనిపెట్టి, మళ్లీ సమిధలు పట్టుకుని వెనక్కి వచ్చాడు. అలా మరో 32, మరో 32, చివరగా 5 ఏళ్లు కలిపి మొత్తం 101 ఏళ్లు గడిచాకగాని అతనికి పూర్తి బోధ అందలేదు. గట్టున పడి ఉన్న కాలం మొదటి విడతలో ఇద్దరికీ సమానమే. కాలం గడవడం వేరు, ఆరడం వేరు అని ఆ కథ చెప్పినంత స్పష్టంగా సాధన గ్రంథాలు చాలావరకు చెప్పవు.

ఆరడం నిప్పును పుట్టిస్తుందా అన్న అసలు ప్రశ్నకు ఇప్పుడు రావచ్చు. అరణుల్లో అగ్ని దాగి ఉందని కఠోపనిషత్తు అంటుంది. కట్టెలో ఉన్నప్పుడు నిప్పు రూపం కనిపించకపోయినా అది నశించినట్టు కాదని శ్వేతాశ్వతరం అంటుంది. ఎంత ఎండలో ఎన్నాళ్లు ఉంచినా కట్టె తనంతట తాను అంటుకోదు. ఆరబెట్టడం వల్ల కట్టెలోకి కొత్తగా చేరే వేడీ ఏదీ లేదు. పచ్చిగా ఉన్నప్పుడు ఎంత దహనశక్తి ఉందో ఆరాక అంతే ఉంటుంది, పోయినది నీరు ఒక్కటే. బ్రహ్మసూత్ర భాష్యం మొదట్లోనే శంకరులు చేసిన వాదం సరిగ్గా ఇదే పద్ధతిలో ఉంటుంది: కర్మ వల్ల కలిగే ఫలం పుట్టేదో, పొందదగినదో, మార్పు చెందేదో, సంస్కరించదగినదో కావాలి, మోక్షం ఈ నాలుగింటిలో ఏదీ కాదు గనుక అది కర్మఫలం కాజాలదు. అంతమాత్రాన ఆయన కర్మను పనికిరానిదని తోసివేయలేదు. అది చిత్తాన్ని శుద్ధి చేస్తుందని ఒప్పుకున్నారు. సంస్కారం కట్టెకు జరిగింది, నిప్పుకు కాదు. కర్మ, జ్ఞానం రెండూ కలిసే మోక్షాన్ని ఇస్తాయన్న సముచ్చయవాదులకు ఈ తేడా అంగీకారం కాదు. వారి వాదంలో, ఆరబెట్టడం కూడా మంటలో భాగమే. కాని ఆరబెట్టిన కట్టెల గుట్ట నిప్పురవ్వ తగలనంతకాలం గుట్టగానే ఉంటుందన్న వాస్తవం ముందు ఆ వాదం నిలవడం కష్టం. దీనికి ఎదురు దోషమూ ఉంది: రవ్వ ఒక్కటి చాలునని, కట్టె ఎలా ఉన్నా ఫరవాలేదని అనుకోవడం. రగిలిన నిప్పు కట్టెలన్నిటినీ బూడిద చేస్తుందని గీత నాలుగో అధ్యాయం చెప్పింది నిజమే. అక్కడ చెప్పింది బాగా రగిలిన నిప్పు గురించి. అలా రగలడానికి మొదటి కొన్ని కట్టెలైనా ఎండువి కావాలి.

ఆరిన కట్టెను దాచడం గురించి తత్త్వగ్రంథాలు మాట్లాడింది తక్కువ. కట్టె గాలిలోని చెమ్మతో ఎప్పుడూ లావాదేవీ జరుపుతూనే ఉంటుంది. గాలిలో తేమ 50 శాతం ఉన్న రోజుల్లో 9 శాతం దగ్గర నిలిచిన కట్టె, 90 శాతం తేమ ఉన్న వానకాలపు గాలిలో, చినుకు మీద పడకపోయినా, కొన్ని వారాల్లో 20 శాతం దరిదాపులకు చేరుతుంది. విద్యారణ్యులు జీవన్ముక్తివివేకంలో జ్ఞానం కలిగిన తరువాత కూడా వాసనాక్షయం, అంటే పాత సంస్కారాలు అణగిపోవడం, మనోనాశం, అంటే మనసు పరుగు ఆగిపోవడం, రెండూ అవసరమని వాదించి, జీవన్ముక్తి ప్రయోజనాల్లో మొట్టమొదటిదిగా జ్ఞానరక్షను, అంటే కలిగిన జ్ఞానాన్ని కాపాడుకోవడాన్ని, చెప్పడం ఈ నేపథ్యంలో అర్థవంతంగా కనిపిస్తుంది. ఆయన ఎంచుకున్న ఉదాహరణల్లో యాజ్ఞవల్క్యుడే ఉన్నాడు. జనకుడి సభలో గోవులను తోలుకుపోయి వాదంలో అందరినీ ఓడించిన ఆ మహాజ్ఞానిలో విద్యామదం మిగిలి ఉందని విద్యారణ్యులు వెనకాడకుండా చెబుతారు. కట్టెకు చెమ్మ తిరిగి చేరకుండా తెలుగు పల్లెల్లో వానకాలపు ఇళ్లలో రేపటి కట్టెలను నేటి పొయ్యి పక్కనో, పైనున్న అటక మీదో పెట్టేవారు. మండుతున్న కట్టె తరువాతి కట్టెను ఆరబెడుతుంది, ఆరినది ఆ మంటను నిలబెడుతుంది. శుద్ధి ముందా జ్ఞానం ముందా అన్న ప్రశ్నకు, మొదటి రవ్వ విషయంలో తప్ప, ఇంతకన్నా సరళమైన పరిష్కారం లేదు: శ్రవణం మననానికి, మననం నిదిధ్యాసనకు, అంటే ఎడతెగని ధ్యానానికి, దారి తీసినట్టే నిదిధ్యాసన తిరిగి శ్రవణాన్ని లోతు చేస్తుంది.

ఈ పోలిక అంతటికీ భక్తుల నుంచి రావలసిన ఆక్షేపణ ఒకటుంది, దాన్ని తేలికగా తీసుకోకూడదు. గుండె ఆరిపోవడం ఎవరికైనా ఆదర్శమెలా అవుతుంది? భక్తి కోరేది కరగడాన్ని. అద్వైతులలోనే అగ్రగణ్యుడైన 16వ శతాబ్దపు మధుసూదన సరస్వతి భక్తిరసాయనంలో చిత్తం లక్క లాంటిదని, అది కరిగినప్పుడే భగవంతుడి ముద్ర దానిలో నిలుస్తుందని రాశాడు. అంటే పచ్చి మొత్తం పోవాలన్న బుద్ధుడి మాటకు ఇది పూర్తిగా ఎదురు నిలిచినట్టే కనిపిస్తుంది. ఇక్కడ మళ్లీ నైయాయికుడే ఆదుకుంటాడు. స్నేహం అంటే తర్కపరిభాషలో జిడ్డు, పొడిని ముద్దగా పట్టి ఉంచే గుణం. అది నీటికి చెందినది. మరి నీరు నిప్పును ఆర్పితే నూనె ఎందుకు మండిస్తుందన్న ప్రశ్నకు 17వ శతాబ్దపు విశ్వనాథుడు, నూనెలో ఆ గుణం మిక్కిలి హెచ్చుగా ఉండడం వల్ల అది దహనానికి అనుకూలమైందని సమాధానం చెప్పాడు. నేటి రసాయనశాస్త్రం ఆ కారణాన్ని అంగీకరించదు, నూనె దహనశక్తి దాని నిర్మాణంలో ఉందంటుంది. కాని తడులన్నీ ఒకటి కావన్న ఆయన పరిశీలన చెక్కుచెదరదు. నేతిలో తడిపిన సమిధ ఎండుసమిధ కన్నా త్వరగా అంటుకుంటుంది. సుత్తం పోగొట్టమన్నది నిప్పును ఆర్పే తడిని, భక్తిరసాయనం కోరినది నిప్పుకు ఆహారమయ్యే తడిని అనుకుంటే ఆ రెంటికీ పేచీ లేదు. కాని ఒక మనసులో ఉన్న ఆర్ద్రత ఈ రెంటిలో ఏదో బయటినుంచి గుర్తుపట్టడం సాధ్యమేనా అన్నది మిగిలే ఉంటుంది. మూడుసార్లు ఇంద్రుణ్ణి సగం దారి నుంచి వెనక్కి తెచ్చింది కోరికలు ఇంకిపోయిన చిత్తమా, లేక తీరని ప్రేమ వంటి ఒక తపనా? జ్ఞానమార్గులు మొదటిదంటారు, భక్తులు రెండోదంటారు. ఛాందోగ్యం అతను వెనక్కి వచ్చాడని మాత్రమే చెబుతుంది.